నాలుగు ముక్కలు

మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్ ఎనక
మా దుకాణం షట్టర్‌ని
నాకన్న ముందు ఎండ ఎత్తుతది.
మే నెల. ట్రాన్స్‌ఫార్మర్ పేలి రెండు దినాలాయె.
ఫ్రిజ్‌ల పెరుగు పాకెట్లు ఉబ్బినయి,
చాక్లెట్లు కాగితాలల్లనే కూలవడ్డయి.
ఏజెంట్ కైలాసానికి ఫోన్ జేస్తే
"కరిగింది వాపసు తీస్కోమన్నా, రూల్ లేదు" అన్నడు.

సరే. మళ్ల గడ్డ కట్టినా
బూజు వట్టినట్టు తెల్లగైతయి, ఎవ్వలు కొనరు.
నాకు ఇంకో పని యాదికొచ్చింది.

ఆ జరమొచ్చిన ఏడాది పోయిన వాసన
నాకు తిరిగి రాలే.
కిరాణం నడిపేటోనికి ముక్కు లేదంటే
గిరాకీ ఉంటదా? ఎవ్వలకు జెప్పలే.
పప్పు ముక్కిందో లేదో మా ఆమె జూస్తది.
కొబ్బరినూనెకూ ఫినాయిలుకూ
నాకు మూత రంగే గుర్తు.

అందుకే పిల్లలను గూసోవెట్టిన.
గార్డు కొడుకు జాన్ వెస్లీ,
ఎదురింటి నౌషీన్,
ఇస్త్రీ బండి మల్లవ్వ మనవరాలు సింధూజ.
కాగితాలు ఇప్పేసిన,
నాలుగు స్టీలు గిన్నెలు, నాలుగు తీర్లు.
రంగులు లేవు, రేట్లు లేవు,
టీవీల నవ్వే మొఖాలు లేవు.
"ఏది ఎట్లుందో జెప్పుండ్రి, పైసలొద్దు."

మొదటిది, ఊదా కాగితంది.
నౌషీన్ కండ్లు మూస్కున్నది.
"ఇరానీ చాయ్ మీద మలాయ్ తేల్తది సూడు అంకుల్, గట్ల."
జాన్ వెస్లీ ఒప్పుకోలే:
"అమ్మ సూడకుంట పాలపొడి బుక్కినట్టు."

రెండోది బిస్కెట్ పొరలది.
మెత్తవడి కరకర వోయింది.
"దాని రుచే సప్పుడు," అన్నది సింధూజ,
"సప్పుడు వోతే ఇంకేముంటది?"

మూడోది ఐదు రూపాయలది.
కరగనే లేదు.
రెండు దినాల ఎండకు
కాపలా పోలీసు లెక్క నిటారుగ నిలవడ్డది.
నాకు ముచ్చటైంది. సరుకంటే ఇదిరా, అనుకున్న.
నౌషీన్ నమిలి నమిలి
అంగిలికి అంటిందని వేలు వెట్టి గీకింది.
"కొవ్వొత్తి."
అంతే అన్నది.
మే నెలకే కరగంది
పిల్ల నాలికకు కరుగుతదా!
కాగితం తిప్పి సదివిన:
చీమ తలకాయంత అక్షరాలల్ల పామాయిలు.
మిర్చి బజ్జీల కడాయి కెల్లి
ఇండ్లకు ఎప్పుడు నడిచొచ్చిందో,
అమ్మెటోన్ని, నాకే ఎర్కలే.

నాలుగోది నల్లది.
ఆర్నెల్లకొకటి వోతది,
డాక్టర్ జెప్పిండని రిటైరైన టీసీ ఒకాయన కొంటడు.
ముగ్గురూ ఒక్కపారే ఉమ్మేసిండ్రు.
"ఇది చాక్లెట్ గాదు, మందు."

పిల్లలు ఉరికినంక
గిన్నెల అడుగులు వేలుతోని నాకిన.
మొదటిది తీపి. రెండోది తీపి.
మూడోది కూడ తీపే.
వాసన లేనోనికి
ఎక్కువ ధరదీ తక్కువ ధరదీ ఒకటే చెక్కెర;
ఒకటి జారుతది, ఒకటి అంటుకుంటది,
గంతే ఫరక్.
నల్లది నాలిక మీద వెట్టంగనే
చేదు
గూబ మీద ఒక్కటిచ్చి
"ఉన్నవా?" అని అడిగింది.
ఉన్న.
గిన్నె మొత్తం నాకిన, తోమినట్టు.
ఏ వాసనా రాలే గని.

రాత్రి పదింటికి కరెంటొచ్చింది.
ఫ్రిజ్ రెండుపార్లు దగ్గి గుర్రుమన్నది.
తెల్లారి కైలాసం బుక్కు తెరిచి
అడగకుండనే రాస్కుంటున్నడు:
ఊదావి రెండు డబ్బాలు,
ఐదు రూపాయలవి నాలుగు.
"నల్లవి ఒకటి రాయి" అన్న.
"గవి ఎవలు దింటరే?"
నేను పైసలు లెక్కవెట్టుడు ఆపలే.
పాత బాకీల ఐదు రూపాయలు తక్కువ వడ్డయి.
చిల్లర లేదని,
ఎండకు కరగనిదాన్ని
ఆయన చేతిల వెట్టిన.